మగవాళ్ళకిచ్చే జీవిత సలహాల్లో నిజంగా పనికొచ్చేవి ఏవి?

ప్రశ్న సూటిగా ఉంది కాబట్టి జవాబూ సూటిగానే చెప్తాను. చాలావాటితో పెద్దగా ఒరిగేదేమీ లేదు. ఏదైనా సలహా కనబడితే నేను ముందు చూసేది ఒకటే: చెప్పినట్టే చేసినా పని కాకపోతే తప్పు ఎవరి నెత్తిన పడుతుంది?

"తెల్లవారుజామున నాలుగింటికి లే, జీవితం మారిపోతుంది" అంటారు. మారితే సలహా గొప్పతనం, మారకపోతే నువ్వు మనసు పెట్టి చెయ్యలేదు. ఎటు తిరిగినా సలహా ఇచ్చినవాడికి మాట పడదు. నిద్ర వచ్చే వేళ కొంతవరకు పుట్టుకతోనే వస్తుంది, పెద్దవాళ్ళకు రోజుకు కనీసం ఏడు గంటల నిద్ర కావాలి, మరి పన్నెండింటికి పడుకునేవాడు నాలుగింటికి లేచి ఏం సాధిస్తాడో ఎవరూ చెప్పరు. "రోజుకు ఒక శాతం మెరుగుపడితే ఏడాదికి 37 రెట్లు" అనేదీ అంతే. లెక్క కరెక్టే, కానీ మనిషిలో ఆ ఒక్క శాతాన్ని దేంతో కొలుస్తారు?

ఇక "ఆల్ఫా మగాడిలా ఉండు, ఎవరికీ తగ్గకు" అనేది. ఆల్ఫా అంటే గుంపులో అందరి మీదా పెత్తనం చేసేవాడని. ఇది తోడేళ్ళ నుంచి వచ్చిన మాట. 1947లో రుడాల్ఫ్ షెంకెల్ అనే ఆయన బోనులో ఉంచిన తోడేళ్ళను చూసి, అవి పెత్తనం కోసం కొట్టుకుంటాయని రాశాడు. తోడేళ్ళ మీద పరిశోధన చేసే డేవిడ్ మెక్ 1970లో తన పుస్తకంతో ఆ మాటను జనంలోకి తీసుకెళ్ళాడు. అదే మెక్ తర్వాత కెనడా ఉత్తరాన ఎల్స్‌మియర్ దీవిలో అడవి తోడేళ్ళను ఏళ్ళ తరబడి గమనించి, గుంపు అంటే చాలావరకు తల్లీ తండ్రీ పిల్లలేనని, ఆల్ఫా అనే పేరు దానికి సరిపోదని 1999లో తనే రాశాడు. అంటే ఆ పెద్ద తోడేలు చేసే ముఖ్యమైన పని పిల్లలకు తిండి తేవడం. ఇలా చెప్తే ఆల్ఫా అవ్వడం నేర్పుతామనే కోర్సులు అమ్ముడుపోవు మరి.

వీటిలో నాకు నిజంగా కోపం తెప్పించేది "నీ కష్టం ఎవరికీ చెప్పకు, చులకనైపోతావు" అన్నది. నా స్నేహితుడొకడు దాన్ని తు.చ. తప్పకుండా పాటించాడు. లోన్ యాప్‌లో తీసుకున్న అప్పు తీర్చడానికి ఇంకో యాప్‌లో అప్పు, అలా నెలల తరబడి. మా మధ్య కూర్చున్నప్పుడు ఫోన్ బల్ల మీద బోర్లా పెట్టేవాడు, అది వైబ్రేట్ అయినప్పుడల్లా మాట మధ్యలోనే ఆగిపోయి "ఆఫీసువాళ్ళులేరా" అనేవాడు, పక్కనున్న నాకు మాత్రం కాలు వణకడం కనబడేది. చివరికి వాళ్ళ అన్నయ్యకు తెలిసింది. ఆయన ముందు చెడామడా తిట్టాడు, తర్వాత కాగితం తీసి అప్పులన్నీ రాయించి, వడ్డీ ఎక్కువున్నవాటిని ముందు తీర్చేలా ప్లాన్ వేశాడు. అన్నీ తీరడానికి చాలా కాలమే పట్టింది గానీ ఆ రాత్రి నుంచే వాడికి నిద్ర పట్టింది. కనబడినవాళ్ళందరికీ చెప్పుకోమని నేననను, కానీ లెక్క తెలిసినవాళ్ళు ఒక్కరికైనా చెప్పాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల్లో మగవాళ్ళ ఆత్మహత్యల రేటు ఆడవాళ్ళ రేటుకు రెట్టింపు కంటే ఎక్కువ. ఇది తెలిశాక కూడా నోరు మూసుకుని ఉండమని చెప్పడానికి మనసెలా వస్తుందో.

నా వరకు ఈ సలహాల్లో నిలబడింది బరువులెత్తడం. ప్రపంచ ఆరోగ్య సంస్థే వారానికి కనీసం రెండు రోజులు కండరాలకు పని చెప్పమంటుంది. ఎత్తిన బరువు ప్రతిసారీ నోట్‌బుక్‌లో రాసుకుంటాను. స్క్వాట్ (బరువు భుజాల మీద పెట్టుకుని గుంజీల్లా కూర్చుని లేవడం) దగ్గర 40 కిలోలు అనే అంకె వారాల తరబడి కదల్లేదు, నిద్ర సరిచేసుకున్నాక కదిలింది. తేడా ఎక్కడుందో వెతుక్కునే వీలు ఇందులో ఉంది. కొన్ని నెలల ఖర్చులకు సరిపడా డబ్బు పక్కన పెట్టుకోమనేది కూడా ఇలాంటిదే, ఉందా లేదా అన్నది అకౌంట్ తెరిస్తే తెలిసిపోతుంది.

చన్నీళ్ళ స్నానం గురించి కూడా చాలామంది అడుగుతారు. హుషారుగా అనిపిస్తే చెయ్యండి, అంతకుమించి ఆశపడొద్దు. గుండె జబ్బో బీపీనో ఉంటే మాత్రం ముందు డాక్టర్‌ని అడగండి, చల్లటి నీళ్ళు ఒక్కసారిగా ఒంటిమీద పడితే రెండూ పెరుగుతాయి, గుండె వేగమూ, బీపీ కూడా.