బాబు దగ్గుకు సిరప్ అడిగారు, మరి మామగారి దగ్గు?

ప్రశ్న: మా బాబుకు మూడేళ్లు. తరచూ దగ్గు, రాత్రిళ్లు పిల్లికూతలు. మెడికల్ షాపులో ఇచ్చిన సిరప్ పోస్తున్నాం. మామగారు ముందు గదిలో బీడీలు తాగుతారు, ఆయనకూ నెల నుంచి దగ్గు. కిటికీలు తెరిచి ఫ్యాన్ వేస్తే చాలా? మంచి సిరప్ చెప్పండి.
– ఓ తల్లి, కాజీపేట

జవాబు: ముందు మీ మామగారి సంగతి. రెండు వారాలు దాటిన దగ్గును బీడీల దగ్గేలే అని వదిలేయకూడదు. పొగ తాగేవారికి టీబీ ముప్పు ఎక్కువ. ఐదేళ్ల లోపు పిల్లలకు అది సోకితే త్వరగా ముదురుతుంది. ఆయనకు టీబీ ఉందని అనడం లేదు, పరీక్ష చేయకుండా లేదనీ అనలేను. ప్రభుత్వ ఆసుపత్రిలో తెమడ పరీక్ష ఉచితం, వరంగల్‌లోని ఎంజీఎం ఆసుపత్రి మీకు దగ్గరే. ఈ వారమే తీసుకెళ్లండి. ఉందని తేలితే బాబుకూ పరీక్షలు తప్పవు.

ఫ్యాన్ పొగను ఇల్లంతా తిప్పుతుంది, అంతే. కిటికీ తెరిస్తే వాసన తగ్గుతుంది గానీ ముప్పు పోదు. పొగాకు పొగలో 7,000కు పైగా రసాయనాలున్నాయి, 70 దాకా క్యాన్సర్ తెచ్చేవే. పిల్లల శ్వాసనాళాలు సన్నవి కాబట్టి పిల్లికూతలు, న్యుమోనియా, చెవిపోటు తొందరగా వస్తాయి. ఆ పొగ పీల్చే మీకూ గుండెజబ్బు ముప్పు 25 నుంచి 30 శాతం పెరుగుతుంది. ఆయన వాకిలి అవతలే తాగాలి. చేతులు కడుక్కుని, చొక్కా మార్చుకున్నాకే బాబును ఎత్తుకోవాలి. మానేస్తానంటే 1800-11-2356కు ఫోన్ చేయించండి, ఉచితంగా సాయం చేస్తారు.

ఇక సిరప్. మూడేళ్ల పిల్లాడికి షాపులో అడిగి తెచ్చి పోయడమేంటమ్మా? సీసా మీద చదవండి. క్లోర్‌ఫెనిరమిన్, ఫినైల్‌ఎఫ్రిన్ కలిసి ఉన్న మందు నాలుగేళ్ల లోపు పిల్లలకు వాడొద్దని 2023 డిసెంబరులోనే కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ చెప్పింది. ఇలాంటి సిరప్‌లతో పిల్లికూతలు తగ్గవు. పైగా మత్తుగా పడుకుంటే బాగానే ఉన్నాడనుకుంటారు, లోపల ఆయాసం పెరుగుతుంటుంది. నా దగ్గరికి ఇలా ఆలస్యంగా తెచ్చే తల్లిదండ్రులు ఎక్కువ. ఆ సిరప్ ఆపండి. కూతలకు ఆస్తమా కారణమా, ఇంకేదైనానా అన్నది ఛాతీ విన్నాకే చెప్పగలం. ఇన్‌హేలర్ అవసరమైతే భయపడి వద్దనకండి.

రాత్రి బాబు నిద్రపోయాక చొక్కా పైకెత్తి, పొట్ట కదలికను చూస్తూ ఒక నిమిషం నిండా శ్వాస లెక్కపెట్టండి. 40కి చేరినా, డొక్కలు ఎగరేస్తున్నా, పెదాలు నీలంగా మారినా, నీళ్లు తాగలేకపోతున్నా తెల్లారేదాకా ఆగకుండా ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి. అవేవీ లేకపోయినా రెండు మూడు రోజుల్లో పిల్లల డాక్టర్‌కు చూపించండి, ఇప్పటిదాకా వాడిన సీసాలన్నీ వెంట తీసుకెళ్లండి.