కీప్యాడ్ ఫోను నుంచి బోరు మోటారు దాకా: వెబ్ ప్రమాణాలపై సందేహాలు

ప్రశ్న: మా అమ్మగారి జియోఫోన్‌లో వాట్సాప్ ఆగిపోయింది. ఫోను మాత్రం చక్కగా పనిచేస్తోంది. అది వెబ్ ప్రమాణాలతో తయారైన ఫోను కాబట్టి త్వరగా పాతబడదని కొన్నప్పుడు చదివాను. మరి ఇలా ఎందుకైంది? (ఖమ్మం నుంచి ఒక పాఠకుడు)

జవాబు: మీరు చదివినదాంట్లో మొదటి సగం నిజం. జియోఫోన్‌ను నడిపే ఆపరేటింగ్ సిస్టమ్ కైఓఎస్. దానికి మూలం ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ తయారుచేసే మొజిల్లా 2011లో ‘బూట్ టు గెకో’ పేరుతో మొదలుపెట్టి, ఆ తర్వాత ఫైర్‌ఫాక్స్ ఓఎస్‌గా విడుదల చేసిన వ్యవస్థ. అందులో నంబరు నొక్కే తెర నుంచి కెమెరా వరకు అన్నింటినీ వెబ్ పేజీలు రాసే హెచ్‌టీఎంఎల్, సీఎస్ఎస్, జావాస్క్రిప్ట్‌లతోనే రాశారు. ఏ ఒక్క సంస్థ అనుమతీ అక్కర్లేకుండా ఎవరైనా ఫోనుకు యాప్ రాయగలగాలన్నది వారి ఆశయం, అది ఎంతో విలువైన ఆశయమని నేను ఇప్పటికీ నమ్ముతాను. 2014 ఆగస్టులో ఇంటెక్స్ క్లౌడ్ ఎఫ్ఎక్స్ అనే ఫోను దీనితోనే రూ.1,999 ధరకు మన దేశంలో అమ్మకానికి వచ్చింది. 2015 డిసెంబరులో మొజిల్లా ఫోన్ల ప్రయత్నాన్ని విరమించుకుంటున్నట్టు ప్రకటించినా, కోడు అందరికీ అందుబాటులో ఉండటంవల్ల కైఓఎస్ సంస్థ దాన్ని అందిపుచ్చుకుని కీప్యాడ్ ఫోన్లకు అనువుగా మలిచింది. 2017లో రూ.1,500 డిపాజిట్‌తో వచ్చిన జియోఫోన్ ఆ దారిలోనే మన ఊళ్లకు చేరింది.

ఇక రెండో సగం. వెబ్ ప్రమాణం అంటే వెబ్ పేజీలు ఎలా రాయాలో, ఎలా చూపాలో చెప్పే, కాగితం మీది ఒప్పందం. దాన్ని ఫోనులో అమలు చేసేది బ్రౌజర్ ఇంజిన్, అంటే పేజీ కోడును చదివి తెర మీద చూపించే భాగం. కైఓఎస్ 2.5లో ఉన్నది ఫైర్‌ఫాక్స్ ఇంజిన్ గెకో 48వ వెర్షన్, అంటే 2016 నాటిది. 2017 మార్చిలో ఫైర్‌ఫాక్స్ 52తో వెబ్‌అసెంబ్లీ (బరువైన ప్రోగ్రాములను వేగంగా నడిపేది), సీఎస్ఎస్ గ్రిడ్ (పేజీని గళ్లుగా అమర్చేది) వంటివి వచ్చాయి కానీ, ఈ ఇంజిన్ అంతకు ముందే ఆగిపోయింది. వెబ్ ఏటేటా ముందుకు సాగుతుంటే ఫోనులోని ఇంజిన్ కొన్న రోజు దగ్గరే నిలిచిపోయింది.

వాట్సాప్ సంగతి దీనికంటే కొంచెం వేరు. ఆ ఫోనులో కనిపించే తెరను వెబ్ సాంకేతికతతో రాసినా, అవతల సందేశాలు చేరవేసే సేవ మాత్రం పూర్తిగా ఒక సంస్థ చేతిలోనిది. కైఓఎస్ ఫోన్లలో కొత్తగా దించుకునే వీలును ఆ సంస్థ 2024 జూన్‌లో తీసేసింది, 2025 మొదట్లో సేవనే ఆపింది. యాప్‌ను బహిరంగ ప్రమాణాలతో రాసినంత మాత్రాన దాని వెనుక ఉన్న సేవ బహిరంగం కాదన్న విషయాన్ని ఆ రోజుల్లో ప్రకటనలు గానీ, మాలాంటి వ్యాసాలు గానీ తగినంత గట్టిగా చెప్పలేదు. మీ అమ్మగారికి వాట్సాప్ తప్పనిసరైతే ఆండ్రాయిడ్ ఫోనో, ఐఫోనో తీసుకోవాల్సిందే. అదే నంబరుతో మళ్లీ నమోదు చేసుకోవచ్చు. మాట్లాడుకోవడానికైతే ఇప్పుడున్న ఫోనునే నిక్షేపంగా వాడుకోవచ్చు.

ప్రశ్న: గుంటూరులో మాకు విత్తనాలు, ఎరువుల దుకాణం ఉంది. రైతులు ఆర్డరు పెట్టుకోవడానికి ఆండ్రాయిడ్‌కు ఒకటి, ఐఫోన్‌కు ఒకటి, రెండు యాప్‌లు చేయించుకోమంటున్నారు. వెబ్‌సైటునే యాప్‌లా వాడవచ్చంటారు, నిజమేనా?

జవాబు: నిజమే. మీ అవసరానికి నా సలహా కూడా అదే. సైటును హెచ్‌టీటీపీఎస్ (సమాచారాన్ని రహస్యంగా చేరవేసే పద్ధతి) మీద నడిపి, పేరు, ఐకాన్ వివరాలు చెప్పే మానిఫెస్ట్ ఫైలును, నెట్ లేనప్పుడు కూడా పేజీలను చూపించే సర్వీస్ వర్కర్‌ను జోడిస్తే దాన్ని ప్రోగ్రెసివ్ వెబ్ యాప్ అంటారు. ఆండ్రాయిడ్‌లో క్రోమ్ దాన్ని మామూలు యాప్‌లాగే ఇన్‌స్టాల్ చేస్తుంది. ఐఫోన్‌లో సఫారీలోని షేర్ గుర్తు నొక్కి ‘యాడ్ టు హోమ్ స్క్రీన్’ ఎంచుకోవాలని రైతులకు మీరే చూపించాల్సి వస్తుంది.

విచిత్రమేమిటంటే, 2007లో మొదటి ఐఫోన్ వచ్చినప్పుడు బయటివారు యాప్‌లు రాయడానికి స్టీవ్ జాబ్స్ చూపిన మార్గం వెబ్ ఒక్కటే. యాప్ స్టోర్ 2008 జులైలో మొదలయ్యాక ఆ మార్గం సన్నబడింది. వెబ్ యాప్‌లకు నోటిఫికేషన్ పంపే వీలు ఐఫోన్‌లో 2023 మార్చిలో, ఐఓఎస్ 16.4తో గానీ రాలేదు. అది కూడా హోమ్ స్క్రీన్ మీద పెట్టుకున్నవారికే. 2024 ఫిబ్రవరిలో ఐరోపా సమాఖ్య దేశాల్లో హోమ్ స్క్రీన్ వెబ్ యాప్‌ల సౌకర్యాన్నే తొలగిస్తామని ఆపిల్ చెప్పి, నిరసనలు రావడంతో మార్చి 1న వెనక్కి తగ్గింది. మన దేశంలో అమ్మే ఐఫోన్లలో ఏ బ్రౌజర్ పెట్టుకున్నా లోపల నడిచేది ఆపిల్ వెబ్‌కిట్ ఇంజినే కాబట్టి, అది ఇవ్వని సౌకర్యం ఇంకెక్కడా దొరకదు.

మీకు ఇబ్బంది రెండుచోట్ల రావచ్చు. బ్లూటూత్ బిల్లు ప్రింటరును వెబ్ పేజీ నుంచి నడపాలంటే ఆండ్రాయిడ్ క్రోమ్‌లో వీలుంది, సఫారీలో లేదు. క్రోమ్‌లో కూడా పాత వెర్షన్లయితే తక్కువ కరెంటుతో నడిచే బీఎల్ఈ రకం పరికరాలతోనే పని జరుగుతుంది, చవక ప్రింటర్లలో చాలావరకు పాత రకం బ్లూటూత్ ఉంటుంది. రెండోది: సఫారీ వాడుతూ కూడా ఏడు రోజులు మీ సైటు జోలికి వెళ్లకపోతే, అందులో దాచుకున్న సమాచారాన్ని బ్రౌజర్ చెరిపేస్తుంది. హోమ్ స్క్రీన్ మీద పెట్టుకుంటే ఈ బెడద లేదు. ఆర్డర్లను ఫోనులోనే ఉంచకుండా వెంటనే సర్వరుకు పంపేలా రాయించండి. బిల్లింగు మాత్రం దుకాణంలోని కంప్యూటర్లోనే ఉంచుకోండి.

ప్రశ్న: 2018లో కొన్న స్మార్ట్ టీవీ బ్రౌజర్‌లో కొన్ని సైట్లు తెల్లగా కనిపించి ఆగిపోతున్నాయి. టీవీ పాడైందా?

జవాబు: చాలావరకు కాదు. పై జియోఫోన్ సమస్యే ఇక్కడా ఉంది. ఉదాహరణకు ఎల్‌జీ 2018 టీవీలను నడిపే వెబ్‌ఓఎస్ 4లో ఉన్నది క్రోమ్‌కు మూలమైన క్రోమియం 53వ వెర్షన్, అంటే 2016 నాటి ఇంజిన్. కొత్త సైట్ల కోడు దానికి అర్థం కాదు. హెచ్‌డీఎంఐ సాకెట్‌లో పెట్టే స్ట్రీమింగ్ స్టిక్ ఒకటి కొనుక్కుంటే తెర ఇంకొన్నేళ్లు పనికొస్తుంది.

ప్రశ్న: పొలంలో బోరు మోటారు స్టార్టరుకు ఒక యాప్, ఇంట్లో బల్బులకు ఇంకొకటి. అన్నింటికీ ఒకే పద్ధతి రాదా? (అనంతపురం నుంచి ఒక రైతు)

జవాబు: పద్ధతి ఉంది, అమలే తక్కువ. వెబ్ ప్రమాణాలు నిర్ణయించే డబ్ల్యూ3సీ 2020 ఏప్రిల్‌లో ‘థింగ్ డిస్క్రిప్షన్’ అనే ప్రమాణాన్ని విడుదల చేసింది. దాని ప్రకారం ప్రతి పరికరానికీ యంత్రం చదవగలిగే వివరణ పత్రం ఒకటి ఉంటుంది. మీ స్టార్టరైతే ప్రస్తుత ఓల్టేజీ ఎంతో ఒక ప్రాపర్టీగా, మోటారు వేయడం, ఆపడం యాక్షన్లుగా, ఒక ఫేజు పోయినప్పుడు వచ్చే హెచ్చరిక ఈవెంటుగా అందులో రాసి ఉంటాయి. ఆ పత్రం చదవగల ఏ యాప్ అయినా, ఏ కంపెనీ స్టార్టరునైనా నడపగలదు. పేటెంటు రుసుములు లేకుండా ఎవరైనా వాడుకునేలా డబ్ల్యూ3సీ తన ప్రమాణాలను రూపొందిస్తుంది కాబట్టి, చిన్న తయారీదారులకు కూడా ఇది అందుబాటులోనే ఉంది. వారు దీన్ని చేపట్టాలని నాకు గట్టి కోరిక.

అంతవరకు బల్బులు, ప్లగ్గులు కొనేటప్పుడు డబ్బా మీద ‘మ్యాటర్’ గుర్తు చూడండి. అది 2022 అక్టోబరులో వచ్చిన వేరే ప్రమాణం, వెబ్ ప్రమాణం కాదు, కానీ వేర్వేరు కంపెనీల వస్తువులను ఒకేచోట నుంచి నడపనిస్తుంది. స్టార్టరు విషయంలో మాత్రం కంపెనీ సర్వరు ఆగినా ఎస్సెమ్మెస్‌తోనో, ఫోన్ కాల్‌తోనో మోటారు వేయవచ్చా అని అడిగి, దుకాణంలోనే ఒకసారి చేయించి చూసుకుని కొనండి.