సీడీ4 వెయ్యి దాటితే హెచ్‌ఐవీ పోతుందా?

ప్రశ్న: నా వయసు 41. మాది దేవరకొండ దగ్గర పల్లె. ఆరేళ్లుగా నల్లగొండ ఏఆర్టీ (హెచ్‌ఐవీని అదుపులో ఉంచే మందుల చికిత్స) సెంటర్‌లో మందులు తెచ్చుకొని రోజూ రాత్రి ఒక మాత్ర వేసుకుంటున్నాను. సీడీ4 (రోగనిరోధక శక్తినిచ్చే ఒక రకం తెల్ల రక్తకణాల లెక్క) 640 ఉంది, వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ ఎంతుందో చూసే) పరీక్షలో వైరస్ కనబడలేదన్నారు. రోగనిరోధక శక్తితోనే హెచ్‌ఐవీని నయం చేశారని ఫోనులో ఒక వీడియో చూశాను. సీడీ4 వెయ్యి దాటితే వైరస్ చచ్చిపోతుందని మా దగ్గర ఒకాయన పొడి ఇస్తున్నారు. అది వాడుతూ మూడు నెలలు మాత్రలు ఆపి చూడవచ్చా? ఎముక మజ్జ మార్పిడితో పోతుందంటే ఇవ్వడానికి మా అన్నయ్య సిద్ధంగా ఉన్నాడు. మోకాళ్ల నొప్పులకు కాల్షియం మాత్రలు కూడా వాడుతున్నాను.
– పేరు రాయవద్దన్న పాఠకుడు, నల్లగొండ జిల్లా

జవాబు: మాత్రలు ఆపకండి. మూడు నెలలు కాదు, మూడు రోజులు కూడా ఆపవద్దు. మీరు చూసిన వీడియోలో కొంత నిజం ఉండి ఉంటుంది. చిక్కంతా అక్కడే వస్తుంది, పొడి అమ్ముకునేవారికి ఆ కాస్త నిజం చాలు.

సీడీ4 కణాలను పెంచితే జబ్బు లొంగుతుందన్న ఆలోచన ఆ పొడి ఇచ్చే ఆయనకంటే ముందే పరిశోధకులకు వచ్చింది. ఇంటర్‌ల్యూకిన్-2 అనే మందును ఏఆర్టీకి జోడించి రెండు పెద్ద ప్రయోగాల్లో పరీక్షించారు. రెండింటిలో కలిపి 5,800 మందికి పైగా పాల్గొన్నారు. ఫలితాలు 2009లో వచ్చాయి. సీడీ4 సంఖ్య నిజంగానే బాగా పెరిగింది. కానీ ఆ మందు తీసుకున్నవారిలో జబ్బులూ తగ్గలేదు, మరణాలూ తగ్గలేదు. అంత ఖరీదైన మందుతో కానిది పొడితో అవుతుందని నేనైతే నమ్మను.

ఎందుకు కాలేదంటే, హెచ్‌ఐవీ దాక్కునేది ఆ కణాల్లోనే. ఒకసారి వచ్చిన జబ్బును ఏళ్ల తరబడి గుర్తుపెట్టుకోవడానికి శరీరం కొన్ని సీడీ4 కణాలను నిద్రాణంగా ఉంచుతుంది. వైరస్ తన జన్యువును అలాంటి కణాల డీఎన్‌ఏలోనే అతికించేసి ఊరుకుంటుంది. మీ మాత్ర వైరస్ కొత్తగా పుట్టకుండా ఆపుతుంది, నిద్రపోతున్నదాన్ని తాకలేదు. పొలంలో తుంగను పైపైన ఎన్నిసార్లు కోసినా నేలలో గడ్డ మిగిలి ఉంటుంది కదా, ఇదీ అంతే. మందులు మానకుండా వాడుతూ ఆ కణాలు వాటంతట అవే అంతరించేదాకా ఆగాలంటే 70 ఏళ్లకు పైగా పడుతుందని ఒక లెక్క.

అందుకే మందు ఆపిన రెండు మూడు వారాల్లో చాలామందిలో వైరస్ తిరిగి లేస్తుంది. ‘కొన్నాళ్లు ఆపి చూద్దాం’ అన్నదాన్ని కూడా 5,472 మందితో పరీక్షించారు. 2006లో వచ్చిన ఫలితాల్లో, ఆపి ఆపి వాడినవారిలో మరణాలు ఎక్కువగా కనబడ్డాయి. గుండె, మూత్రపిండాలు, కాలేయం జబ్బులు కూడా వారిలోనే ఎక్కువ. ఆ ప్రయోగాన్ని మీరు మళ్లీ మీ ఒంటి మీద చేయనక్కరలేదు.

ఇక అసలు పరిశోధన సంగతి. రోగనిరోధక శక్తిని ఊరికే పెంచాలని ఇప్పుడు ఎవరూ చూడటం లేదు, దానికి వైరస్ జాడ పట్టడం నేర్పాలని చూస్తున్నారు. నిద్రపోతున్న వైరస్‌ను మందుతో లేపి, టీకాతో సిద్ధం చేసిన టీ కణాలతో (వైరస్ ఉన్న కణాలను చంపే తెల్ల రక్తకణాలు) చంపించాలని బ్రిటన్‌లో 60 మందిపై ప్రయత్నించారు. ఏఆర్టీ ఒక్కటే వాడినవారికీ వారికీ తేడా రాలేదు. నాకు కొంత ఆశ కలిగించేవి, హెచ్‌ఐవీలోని అనేక రకాలను పట్టుకోగల యాంటీబాడీలు అనే రక్షక ప్రొటీన్లు. రెండు రకాల యాంటీబాడీలను కలిపి ఇచ్చాక, వాటికి లొంగే వైరస్ ఉన్న కొద్దిమందిలో సుమారు సగం మందికి మాత్రలు ఆపిన 21 వారాల దాకా వైరస్ తిరిగి రాలేదని 2018లో తేలింది. దక్షిణాఫ్రికాలో 20 మంది మహిళలకు యాంటీబాడీలతోపాటు రోగనిరోధక వ్యవస్థను తట్టిలేపే మందు ఇచ్చారు. వారిలో నలుగురు ఏడాదికి పైగా మాత్రలు లేకుండా ఉన్నారని 2025లో ప్రకటించారు. మంచి వార్తే. అయితే వారంతా వైరస్ సోకిన తొలి రోజుల్లోనే చికిత్స మొదలుపెట్టినవారు. పైగా వైద్యులు తరచూ రక్తం పరీక్షిస్తూ, వైరస్ కనబడగానే మాత్రలు తిరిగి ఇచ్చేలా ఏర్పాటు చేసుకున్నారు. మిగతా పదహారు మందినీ మరచిపోకండి.

మజ్జ మార్పిడితో నయమైనవారు ప్రపంచం మొత్తం మీద పది మంది అటూ ఇటూ ఉంటారు. మొదటివాడు టిమోతీ రే బ్రౌన్, 2007లో బెర్లిన్‌లో మార్పిడి జరిగింది. వారికి మార్పిడి చేసింది రక్త క్యాన్సర్ వంటి ప్రాణాంతక జబ్బుల కోసం, హెచ్‌ఐవీ కోసం కాదు. ఆ మార్పిడిలోనే ప్రాణం పోవచ్చు. బ్రౌన్‌కు దొరికిన దాత కణాల్లో, హెచ్‌ఐవీ లోపలికి చొరబడే సీసీఆర్5 అనే ద్వారం పుట్టుకతోనే లేదు. ఆ జన్యు మార్పు తల్లి నుంచీ తండ్రి నుంచీ కూడా వచ్చినవారు ఉత్తర ఐరోపాలో నూటికి ఒక్కరు ఉంటారు, మన దేశంలో దాదాపు కనబడరు. మీ అన్నయ్యది మంచి మనసు, కానీ ఆయన మజ్జతో ఈ పని కాదు.

మీరు అడగలేదు గానీ, వైరల్ లోడ్ ఇలాగే కనబడకుండా ఉన్నంతకాలం శారీరక సంబంధం ద్వారా మీ నుంచి మీ భార్యకు హెచ్‌ఐవీ సోకదు. ఆమెకూ ఒకసారి పరీక్ష చేయించి, ఈ మాట కౌన్సెలర్ చేత ఇద్దరికీ చెప్పించుకోండి.

ఇప్పుడు ఆ మోకాళ్ల సంగతి. మన జిల్లాలో మోకాలు నొప్పి అనగానే ఫ్లోరైడ్ నీళ్లనీ, కాల్షియం మాత్రలనీ మందుల షాపులోనే తేలిపోతుంది. మీరు వాడే మాత్ర టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్ కలిసినదే అయి ఉంటుంది. కాల్షియం, ఐరన్, మెగ్నీషియం లేదా అల్యూమినియం ఉన్న గ్యాస్ మందులు ఒకేసారి వేసుకుంటే డోలుటెగ్రావిర్‌ను ఒంటికి సరిగా పట్టనివ్వవు. కాబట్టి కాల్షియం ఉదయం వేసుకోండి, ఏఆర్టీ మాత్ర రాత్రే ఉండనివ్వండి. పొడిలో భస్మాలో ఖనిజాలో ఉంటే అదీ ఇలాగే అడ్డుపడవచ్చు, అసలు అందులో ఏం కలిపారో అమ్మినాయనకైనా తెలుసో లేదో. టెనోఫోవిర్ కొందరిలో ఎముకలను పలచన చేస్తుంది, మూత్రపిండాల మీదా భారం వేస్తుంది. దానికి తోడు డైక్లోఫెనాక్ వంటి నొప్పి మాత్రలు మీ అంతట మీరు కొని వేసుకుంటే ఆ భారం ఇంకా పెరుగుతుంది. ఈసారి మందులకు వెళ్లినప్పుడు నొప్పి సంగతి చెప్పండి, కాల్షియం అట్టనూ పొడి డబ్బానూ తీసుకెళ్లి చూపించండి. మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్ పరీక్ష చివరిసారి ఎప్పుడు చేశారో మీ పుస్తకంలో చూసి, ఏడాది దాటి ఉంటే అడిగి చేయించుకోండి.