ఏఐ బొమ్మలకు ‘నా సొంతం’ అని సంతకం పెట్టొచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి బీఎఫ్‌ఏ రెండో ఏడు చదువుతోంది. ఒక పిల్లల కథల పుస్తకానికి మిడ్‌జర్నీ అనే ఏఐ టూల్‌తో బొమ్మలు తయారుచేసి ఇచ్చింది. ‘బొమ్మలన్నీ నేనే గీశాను, కాపీరైట్ పూర్తిగా నాదే’ అని అగ్రిమెంట్ వచ్చింది. సంతకం పెట్టమంటారా? – ఒక తండ్రి, వరంగల్

జవాబు: ఆ వాక్యం అలాగే ఉంటే పెట్టనివ్వకండి. కింద ‘ఎవరైనా కేసు వేస్తే నష్టపరిహారం నేనే కడతాను’ అన్న షరతు ఉందేమో కూడా చూడండి. రెండూ కలిస్తే చదువుకునే పిల్ల నెత్తిన పెద్ద బరువే పడుతుంది.

మన 1957 కాపీరైట్ చట్టానికి 1994లో ఒక సవరణ వచ్చింది. కంప్యూటర్ తయారుచేసిన రచనకో చిత్రానికో, అది తయారయ్యేలా చేసిన వ్యక్తే కర్త అని అందులో ఉంది. ఇది మీ అమ్మాయికి అనుకూలంగానే కనిపిస్తుంది. కానీ ఈ ఏఐ టూల్స్ ఏవీ లేని రోజుల్లో రాసిన మాట అది. నాలుగు మాటలు టైప్ చేస్తే బొమ్మ ‘తయారయ్యేలా చేసినట్టేనా’ అన్నది చట్టం విడమరచి చెప్పలేదు. ‘రాఘవ్’ అనే ఏఐ టూల్‌ను సహకర్తగా చూపిన ఒక చిత్రానికి 2020లో మన కాపీరైట్ ఆఫీసు రిజిస్ట్రేషన్ ఇచ్చింది. మరుసటి ఏడాదే దాన్ని వెనక్కి తీసుకుంటామని నోటీసు పంపింది.

అమెరికాలో 2023లో తేలిన ఒక విషయం మీ అమ్మాయికి బాగా పనికొస్తుంది. మిడ్‌జర్నీ బొమ్మలతో వచ్చిన ‘జర్యా ఆఫ్ ది డాన్’ అనే కామిక్‌లో కథకూ, బొమ్మల్నీ మాటల్నీ పేర్చిన తీరుకూ రచయిత్రికి హక్కు దక్కింది. విడివిడి బొమ్మలకు మాత్రం దక్కలేదు. అంటే మనిషి చెయ్యి ఎక్కడ పడిందో చూపించగలగాలి.

అందుకే అమ్మాయిని స్కెచ్‌బుక్ పారేయవద్దనండి. నా దగ్గరికి వచ్చిన ఒక కుర్రాడి పుస్తకంలో ఒకే మేకపిల్ల పదకొండు సార్లు ఉంది. రబ్బరు రుద్దిన మరకలు, అంచున తేదీలు. ఏఐ ఇచ్చిన మేకకు ఐదు కాళ్లు వస్తే వాడే చెరిపి, కాళ్లు మళ్లీ గీసుకున్నాడు. పోర్ట్‌ఫోలియోలో స్కెచ్, ఏఐ బొమ్మ, తను దిద్దిన బొమ్మ పక్కపక్కనే పెట్టాడు. ఆ పేజీ చూస్తే వాడి పనితనం ఇట్టే తెలిసిపోతుంది, నాకెంతో ముచ్చటేసింది. మీ అమ్మాయీ అలాగే పెట్టాలి.

ఉద్యోగంలో చేరాక లెక్క వేరు. వేరే ఒప్పందం లేకపోతే, జీతానికి చేసిన పనిపై హక్కు సాధారణంగా కంపెనీదే.

ఇప్పటికైతే పబ్లిషర్‌కు మెయిల్ రాయించండి: ‘ఈ బొమ్మలు ఏఐ సాయంతో చేశాను, ఫలానా భాగాలు నేను గీశాను, ఆ మేరకు అగ్రిమెంట్ మార్చండి.’ తర్వాత ఫోన్ చేయించండి. టెన్షన్ పడుతుంటే మీరు పక్కన కూర్చోండి, మాట్లాడేది మాత్రం తనే.