వేడి చేస్తే గాలి చల్లబడుతుందా?

ప్రశ్న: ఒకే వ్యాసమున్న గొట్టంలో వేగంగా పోయే గాలిని వేడి చేస్తుంటే ఒక దశలో దాని ఉష్ణోగ్రత తగ్గుతుందంటారు. అదెలా? వేడి ఇంకా పెంచితే?
– మెకానికల్ విద్యార్థి, కాకినాడ

జవాబు: నిజమేనండీ. గొట్టం ఘర్షణను వదిలేస్తే దీన్ని రేలీ ప్రవాహం అంటారు. ధ్వని కంటే నెమ్మదిగా పోయే గాలి వేడి అందితే వ్యాకోచించి వేగం పుంజుకుంటుంది, పీడనం పడిపోతుంది. మాక్ సంఖ్య (గాలి వేగం ధ్వని వేగానికి ఎన్ని రెట్లో చెప్పేది) 0.845 దాటాక 1 చేరేదాకా, వేగం పెరగడానికి కావలసిన శక్తి మనమిచ్చే వేడి కంటే ఎక్కువ. ఆ లోటును గాలి తన ఉష్ణోగ్రతలోంచే పూడ్చుకుంటుంది. స్టాగ్నేషన్ ఉష్ణోగ్రత (గాలిని వేడి పోకుండా పూర్తిగా ఆపితే దానికొచ్చే ఉష్ణోగ్రత) మాత్రం పెరుగుతూనే ఉంటుంది. పరీక్షల్లో తప్పులు ఈ రెండింటినీ కలిపేయడం వల్లే!

దీనికో హద్దుంది. గాలి మాక్ 0.2తో, 300 కెల్విన్ స్టాగ్నేషన్ ఉష్ణోగ్రతతో లోపలికి వచ్చిందనుకోండి. రేలీ పట్టికలో ఆ మాక్ దగ్గరి స్టాగ్నేషన్ ఉష్ణోగ్రతకూ మాక్ 1 దగ్గరి దానికీ నిష్పత్తి 0.1736. 300ని దానితో భాగిస్తే సుమారు 1,728 కెల్విన్, 300 నుంచి అక్కడిదాకా పెంచాలంటే కిలో గాలికి సుమారు 1,435 కిలోజౌల్స్ వేడి. అక్కడికి మాక్ 1, గొట్టం చోక్, అంటే ఆ ప్రవాహం ఇక అంతకు మించి వేడి పట్టదు. ఆపైన ఎంత వేడి పెట్టినా మాక్ 1 దాటదు, లోపలికొచ్చే గాలే తగ్గిపోతుంది. సూపర్‌సోనిక్ (ధ్వని కంటే వేగమైన) ప్రవాహమైతే వేడికి వేగం తగ్గుతుంది. చల్లబరిస్తే అంతా తిరగబడుతుంది.