మహబూబ్‌నగర్ నుంచి వెళ్తే షూటింగ్ రేంజ్‌లో మా అబ్బాయి ఎయిర్ రైఫిల్‌ను ఎందుకు ఆపేశారన్న ప్రశ్నకు జవాబు
మీ అబ్బాయి ఎయిర్ రైఫిల్‌ను ఆపడానికి కారణం బారెల్ చివర బిగించిన సైలెన్సరే అయ్యుంటుంది. చప్పుడు తగ్గించే పరికరాలను ఐఎస్ఎస్ఎఫ్ (అంతర్జాతీయ షూటింగ్ క్రీడల సమాఖ్య) పోటీ నియమాలు ఒప్పుకోవు. 1959 ఆయుధాల చట్టమైతే తుపాకీ నిర్వచనంలోనే వాటినీ చేర్చింది. రేంజ్ ఆఫీసర్‌ది తప్పు కాదు.

1. ఇంట్లోనే సైలెన్సర్‌ను తీసేయండి, అది బిగించే మరలకు క్యాప్ పెట్టండి. సైలెన్సర్‌ను రేంజ్‌కు తీసుకెళ్లొద్దు.

2. తీశాక గుండు తగిలే చోటు మారుతుంది. గురి చూసే సైట్‌ను మళ్లీ సరిచేసుకోవాలి.

3. చాలామంది మరిచేది సేఫ్టీ ఫ్లాగ్, అంటే రైఫిల్ ఖాళీగా ఉందని చూపడానికి బారెల్‌లో దూర్చే తీగ. ఎయిర్ రైఫిల్‌కి అది బారెల్ పొడవునా దూరి, చివర బయటికి కనిపించాలి. గుండు పెట్టే ఛాంబర్‌లో చిన్న ముక్క పెడితే చాలదు, లోపల పెల్లెట్ (గుండు) లేదని దూరం నుంచే తెలియాలి. సంచిలోంచి తీసేటప్పుడే అది ఉండాలి. రేంజ్ ఆఫీసర్ కమాండ్ వచ్చాకే ఫ్లాగ్ తీయాలి. పిల్లాడికి ఇది అలవాటయ్యేదాకా పక్కనే నిలబడి చూడండి, ప్రాణాలతో పని.

4. ఎవరైనా టార్గెట్ దగ్గరికి వెళ్తే రైఫిల్ ముట్టుకోకూడదు.

సైలెన్సర్ లేకపోతే పక్కవాళ్లకు ఇబ్బందని టెన్షన్ వద్దు. ఎయిర్ రైఫిల్ చప్పుడు అక్కడ అందరికీ అలవాటే.