అంబాసిడర్ హెడ్ గాస్కెట్ మాటిమాటికీ పోతోంది, హై టెన్సైల్ స్టడ్లు వేస్తే ఆగుతుందా?

అన్నా, మీ ఊరు కావలి, 1489 సీసీ పాత పెట్రోల్ బండి, గాస్కెట్ (ఇంజను బ్లాకుకూ, దాని మీద మూతలా కూర్చునే హెడ్డుకూ మధ్య వేసే పలక) మార్చిన కొన్నాళ్ళకే రేడియేటర్లో మళ్ళీ బుడగలు. ఇప్పుడు గట్టి స్టడ్లు (హెడ్డును బ్లాకుకు బిగించే మరకడ్డీలు), రాగి గాస్కెట్ వేయిద్దామా అని అడిగారు. స్టడ్లు వేయించండి. కానీ హెడ్డూ బ్లాకూ సరిగ్గా లేకపోతే ఏ స్టడ్డూ ఏం చేయలేదు. మా ఇంట్లోనూ ఇదే ఇంజను, ఒంగోల్లో లేత్ దగ్గరే నిలబడి చేయించుకున్నా.

హెడ్డు విప్పగానే స్టీల్ స్కేలు నిలువునా, ఐమూలగా పెట్టి ఫీలర్ గేజ్ (సందు కొలిచే పల్చటి బ్లేడ్లు) దూర్చమనండి. 0.05 మి.మీ. బ్లేడు దూరిందంటే ఫేసింగ్ కొట్టించి చదును చేయించాల్సిందే. చాలామంది హెడ్డు చూసి వదిలేస్తారు, బ్లాకు మొహం చూడరు. ఏళ్ళ తరబడి లాగీ లాగీ స్టడ్డు బొక్క చుట్టూ ఇనుము కాస్త పైకి లేచి ఉంటుంది. మా బ్లాకు మీద గోరుతో గీరితే గట్టులా తగిలింది. గాస్కెట్ ఆ గట్టు మీద కూర్చుంటే సిలిండర్ అంచున నొక్కుడు ఎక్కడుంటుంది? మేస్త్రీ పెద్ద డ్రిల్ బిట్టు చేత్తోనే తిప్పి ఆ అంచులు తీసేశాడు. తర్వాత త్రెడ్లు శుభ్రం చేసి, గాలి కొట్టి బొక్కలు ఆరబెట్టాలి. అడుగు మూసి ఉన్న బొక్కలో ఆయిలో నీళ్ళో ఉండగా బిగిస్తే బ్లాకే పగలొచ్చు.

పాత స్టడ్డు పనికొస్తుందో లేదో తేల్చడం సులువు. నట్టు చేత్తో తిప్పితే చివరిదాకా పోవాలి. మధ్యలో పట్టేసిందంటే అది సాగిపోయింది. మామూలు ఎమ్మెస్ (మెత్తటి ఉక్కు) రాడ్డు మీద లేత్‌లో త్రెడ్లు తీసిచ్చేవి మాత్రం వద్దు. కొత్తవి బ్లాకులోకి చేత్తో బిగిస్తే చాలు, మీద గట్టి వాషరు తప్పనిసరి. స్టడ్డు గట్టిది కదా అని టార్క్ (నట్టు బిగించే బలం) పెంచేయకండి, బ్లాకులోని త్రెడ్లు పాతవే!

రాగి రేకు గాస్కెట్ రేసు బండ్లకు సరే. మనకు నీళ్ళ దారులు, ఆయిల్ దారుల దగ్గర కారుతూ విసిగిస్తుంది. మంచి కాంపోజిట్ (రేకూ మెత్తటి పొరా కలిపి చేసిన) గాస్కెట్ చాలు. పొరల స్టీల్ గాస్కెట్‌కు అద్దం లాంటి ఫేసింగ్ కావాలి, మామూలు లేత్ పనికి అది నిలవదు.

బిగింపు నడుమ నుంచి చివరలకు, మూడు విడతల్లో, టార్క్ రెంచ్‌తోనే. ఈ ఇంజన్లో రాకర్ షాఫ్ట్ (వాల్వులను నొక్కే రాకర్లు కూర్చునే కడ్డీ) దిమ్మెల్ని పట్టుకునేది కొన్ని హెడ్ నట్లే. అందుకే రాకర్ విప్పాలన్నా ముందు రేడియేటర్ నీళ్ళు వదిలేయాలి. ఇంజను వేడెక్కించి, పూర్తిగా చల్లారాక ఒక్కో నట్టూ కొంచెం వదులు చేసి మళ్ళీ టార్క్ పెట్టించండి. ఆ తర్వాత టాపెట్లు తప్పకుండా సెట్ చేయించాలి, వాల్వుల దగ్గరి గ్యాపు మారిపోతుంది.

రోహిణి కార్తెలో హైవే మీద పోయే బండికి ఉప్పు బోరు నీళ్ళు పోస్తే ఇదంతా దండగే. రేడియేటర్ కడిగించి కూలెంట్ పోయించండి.

సామాను నెల్లూరులో దొరక్కపోతే చెన్నై జీపీ రోడ్డులో అడగండి. పాత స్టడ్డు ఒకటి వెంట తీసుకెళ్ళండి. ఇది 3/8 అంగుళం కొలత, 10 మి.మీ. నట్టు అంటగడితే పట్టదు.